గిరాకీ పడితే ఎన్ని విమానాలు ఆపాలి? 2008, 2020 కోతలపై కేస్ స్టడీ

ప్రయాణాలు తగ్గిన ప్రతిసారీ ఎయిర్‌లైన్లు సర్వీసులకు కత్తెర వేస్తాయి. ఏడాదికో రెండేళ్లకో జనం మళ్లీ ప్రయాణాలు మొదలుపెడతారు. అప్పుడు టికెట్ దొరకదు, దొరికినా ధర అందదు, విమానం సమయానికి కదలదు. మరీ ఎక్కువ కోసేశారా అన్న ప్రశ్న అప్పుడు లేస్తుంది. సంస్థలు జవాబుగా లోడ్ ఫ్యాక్టర్, అంటే సీట్లలో నిండినవాటి శాతం, చూపిస్తాయి. సీట్లలో సగానికి సగం ఖాళీగా ఉంటే ఎలా నడిపేది అంటాయి.

లోడ్ ఫ్యాక్టర్‌తో ఈ ప్రశ్న తేలదు. 2020 ఏప్రిల్‌నే చూడండి. ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా గిరాకీ అంతకుముందు ఏడాది ఏప్రిల్‌తో పోలిస్తే 94.3 శాతం పడింది. సంస్థలు తగ్గించిన సీట్ల సామర్థ్యం 87 శాతం. లోడ్ ఫ్యాక్టర్ 36.6 శాతానికి దిగింది. ఆ ఏడాది మొత్తం మీద అంతర్జాతీయ గిరాకీ 75.6 శాతం తగ్గితే సామర్థ్యం 68.1 శాతం తగ్గింది. అంటే అంత ఘోరమైన ఏడాదిలో కూడా కోత గిరాకీ పతనం కంటే తక్కువే. సర్వీసుల సంఖ్య మాత్రమే చూస్తే అతిగా కోశారనే ఆరోపణ నిలబడదు.

అలాగైతే 2022 వేసవిలో లండన్ హీత్రూ విమానాశ్రయం రోజుకు బయల్దేరే ప్రయాణికులను లక్ష మందికే ఎందుకు పరిమితం చేయాల్సి వచ్చింది? ఆ వేసవికి బ్రిటిష్ ఎయిర్‌వేస్ షెడ్యూలు నుంచి దాదాపు 30,000 సర్వీసులు ఎందుకు తీసేసింది? గిరాకీ ఉంది, విమానాలూ చాలావరకు ఉన్నాయి. విమానం కదలడానికి వెనకుండాల్సిన మనుషులు లేరు. ఈ కేసులో మా నిర్ధారణ ఇదే: కోసిన సర్వీసుల సంఖ్య దాదాపు సబబే, వాటిని తిరిగి నడిపే శక్తిని మాత్రం అతిగా కోశారు. దాంతోపాటు కొన్ని చిన్న ఊళ్లలో, ప్రయాణికులు విమానం మారే కొన్ని కనెక్షన్ హబ్‌లలో సర్వీసుల కోత కూడా హద్దు దాటింది. అది ఎలా దాటుతుందో చూడాలంటే ముందు ఒకే ఒక్క రూట్ లెక్క దగ్గరగా చూడాలి.

ఐదో సర్వీసు తీసేయాలా?

ఇవి నమూనా అంకెలు. వీటి స్థానంలో ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవచ్చు. ఒక రూట్లో రోజుకు ఆరు సర్వీసులు, ఒక్కోదానిలో 180 సీట్లు. మామూలు రోజుల్లో సర్వీసుకు సగటున 150 మంది అడుగుతారు. ఈ 150 ప్రతిరోజూ ఉండదు. కొన్ని రోజులు 100, కొన్ని రోజులు 210. ఈ హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి ఎంత అటూ ఇటూ పోతుందో చెప్పే కొలత, సగటులో 30 శాతం అనుకుందాం. అప్పుడు సర్వీసుకు సగటున ఏడుగురు సీటు దొరక్క వెనుదిరుగుతారు. ఈ రంగంలో దీన్ని స్పిల్ అంటారు. ఎక్కేది 143 మంది, లోడ్ ఫ్యాక్టర్ 79.6 శాతం. ఇక్కడే ఒక విషయం గమనించాలి. సగటున 37 సీట్లు ఖాళీగా పోతూనే ఏడుగురు వెనక్కి వెళ్తున్నారు. సగటు లోడ్ ఫ్యాక్టర్ ఎప్పుడూ ఈ రెండింటినీ కలిపి దాచేస్తుంది.

ఇప్పుడు గిరాకీ 30 శాతం పడింది, రోజుకు 630 మంది. ఆరో సర్వీసు ఇప్పటికే తీసేశారు. ఐదు నడుస్తున్నాయి. ఒక్కోదానికి 126 మంది అడుగుతుంటే దాదాపు 125 మంది ఎక్కుతున్నారు, లోడ్ 69 శాతం. ఐదోది కూడా తీసేస్తే?

షెడ్యూల్ విభాగం మామూలుగా వేసే లెక్క ఏమిటంటే, ఆ 630 మందీ మిగతా నాలుగు సర్వీసుల్లోకి సర్దుకుంటారని. అలా వేస్తే స్పిల్ పోగా లోడ్ 82 శాతం కనిపిస్తుంది, నిర్ణయం తేలిగ్గా జరిగిపోతుంది. కానీ అందరూ సర్దుకోరు. తీసేసింది పొద్దున్నే వెళ్లే సర్వీసైతే, మధ్యాహ్నం వెళ్లడం వల్ల పని చెడే వాళ్లు పోటీ సంస్థకు పోతారు, లేదా ప్రయాణమే మానుకుంటారు. తీసేసిన సర్వీసు వాళ్లలో 30 శాతం అలా పోతారనుకుంటే 38 మంది తగ్గుతారు. మిగతా 592 మంది నాలుగింటి మీద పడతారు. స్పిల్ పోగా సర్వీసుకు 142 మంది ఎక్కుతారు. లోడ్ ఫ్యాక్టర్ 79 శాతం.

ఈ 79 దగ్గర ఆగి చూడండి. మాంద్యానికి ముందు కూడా ఈ రూట్లో దాదాపు ఇదే అంకె. నెలవారీ నివేదికలో ఈ రూట్ ‘కోలుకున్నట్టు’ కనిపిస్తుంది. నిజానికి రోజుకు 56 మంది పోయారు: ఐదు సర్వీసులతో 623 మంది ఎక్కేవాళ్లు, నాలుగింటితో 567. పోయినవాళ్లు ఏ నివేదికలోనూ కనిపించరు, ఎందుకంటే వాళ్లు టికెట్ కొననే లేదు.

ఇప్పుడు డబ్బు. టికెట్ సగటు 100 యూనిట్లు అనుకుంటే 56 మందితో పోయింది 5,600. హబ్‌కు వెళ్లే రూట్ అయితే వాళ్లలో సగం మంది అక్కడ ఇంకో విమానం ఎక్కేవాళ్లు. ఆ రెండో విమానంలో ఎలాగూ సీట్లు ఖాళీ, కాబట్టి ఆ 28 మంది తెచ్చే 2,800లో ఖర్చు దాదాపు ఏమీ లేదు. మొత్తం నష్టం 8,400. ఐదో సర్వీసు ఆపితే మిగిలే ఖర్చు, అంటే ఇంధనం, ల్యాండింగ్, నావిగేషన్ రుసుములు, గ్రౌండ్ హ్యాండ్లింగ్, కేటరింగ్, గంటల లెక్కన అయ్యే మెయింటెనెన్స్, సిబ్బంది బస భత్యాలు కలిపి 9,000 అనుకుందాం. అందులో ఇంధనం 4,000. కోస్తే రోజుకు 600 మిగులు, కాబట్టి కోత సరైనదే. కానీ ఇంధనం ధర సగానికి పడితే ఆపడం వల్ల మిగిలేది 7,000 మాత్రమే. అప్పుడు అదే కోత రోజుకు 1,400 నష్టం. గిరాకీ ఒక్క మనిషి కూడా మారకుండానే జవాబు తిరగబడింది.

గిరాకీని బట్టి టికెట్ ధరలు మార్చే పద్ధతి (రెవెన్యూ మేనేజ్‌మెంట్) బాగున్నచోట స్పిల్ అయ్యేది ఎక్కువగా చౌక టికెట్ల వాళ్లు. సమయం కుదరక పోయేవాళ్లు మాత్రం ఆఖరి నిమిషంలో ఎక్కువ ధర పెట్టేవాళ్లు. ఆ 56 మందిలో 38 మంది రెండో రకం కాబట్టి సగటు టికెట్‌తో వేసిన లెక్క నష్టాన్ని తక్కువగానే చూపిస్తుంది.

పూర్తి ఖర్చు అనే ఉచ్చు

అన్నింటికంటే తరచుగా జరిగే పొరపాటు ఆ 9,000 దగ్గరే. చాలా సంస్థల్లో రూట్ లాభనష్టాల పట్టికలో విమానం లీజు, పైలట్ల జీతాలు, ప్రధాన కార్యాలయం ఖర్చు కూడా సర్వీసుల మీద పంచుతారు. అప్పుడు ఈ సర్వీసు ఖర్చు 14,000గా కనిపిస్తుంది, తీసేయడం తప్పనిసరి అనిపిస్తుంది. తీసేశాక ఆ 5,000 ఎక్కడికీ పోదు. లీజు కట్టాల్సిందే, జీతాలు ఇవ్వాల్సిందే. వచ్చే నెల పట్టికలో అది మిగతా నాలుగు సర్వీసుల మీద పడుతుంది. ఒక్కోదానికి 1,250 ఖర్చు పెరిగి నిన్నటిదాకా బొటాబొటిగా గట్టెక్కుతున్న నాలుగోది నష్టాల్లోకి జారుతుంది. దాన్నీ తీసేస్తే మూడోది. మూడు నెలల్లోపు తగ్గించలేని ఏ ఖర్చునూ ఈ నిర్ణయంలో లెక్కలోకి తీసుకోకూడదు. లీజు ఒప్పందం ఎగిరిన గంటలకే అద్దె కట్టేలా ఉంటే అద్దె చరఖర్చులోకి, అంటే సర్వీసు ఆపితే తగ్గే ఖర్చులోకి, వస్తుంది, అప్పుడు జవాబు మారుతుంది. కాబట్టి షెడ్యూల్ వేసేవాళ్లకు లీజు పత్రాల్లోని షరతులు తెలిసి ఉండాలి. చాలాచోట్ల తెలియవు.

పోటీ ఉన్న రూట్లో మరో సంగతి ఉంది. రెండు సంస్థలు నడిపే రూట్లో ఎక్కువ సర్వీసులున్న సంస్థకు తన సర్వీసుల వాటాకు మించిన వాటాలో ప్రయాణికులు దక్కుతారు, ఎందుకంటే జనం ముందు వెతికేది ఎక్కువ టైములు దొరికే చోట. అందుకే మొదట ఎవరూ కోయరు, ఒకరు మొదలుపెడితే అందరూ కోస్తారు.

హబ్‌లో ఒక బ్యాంక్ పోతే

హబ్ విమానాశ్రయాల్లో విమానాలు అలలుగా వస్తాయి: ఓ గంటలో ముప్పై దిగుతాయి, తర్వాతి గంటలో ముప్పై లేస్తాయి. ఈ అలను బ్యాంక్ అంటారు. 30 ఊళ్ల నుంచి వచ్చి తిరిగి ఆ 30 ఊళ్లకే వెళ్లే బ్యాంక్‌లో, వచ్చిన ఊరికే వెనక్కి వెళ్లే జతలు తీసేస్తే 870 ప్రయాణ జతలు సాధ్యమవుతాయి. మూడు ఊళ్లు తీసేయండి. సర్వీసులు 10 శాతం తగ్గాయి. మిగిలిన 27 ఊళ్ల మధ్య జతలు 702. అంటే 19 శాతానికి పైగా పోయాయి.

సర్వీసు తర్వాత సర్వీసును విడివిడిగా పరీక్షించి ‘ఇది నష్టం, ఇది నష్టం’ అని టిక్ పెడుతూ పోతే హబ్‌లో కోత అతి కావడానికి కారణం ఇదే. మొదటి సర్వీసు తీసేటప్పుడు మిగతా అన్నీ ఉన్నాయన్న లెక్కన చూస్తారు. పదోది తీసేటప్పుడు కూడా పాత కనెక్షన్ ఆదాయం అంకెలే వాడతారు. కోసే ప్రతి జాబితా తర్వాత కనెక్షన్ ఆదాయాన్ని మళ్లీ మొదటి నుంచి లెక్కగట్టాలి. అంత సమయం లేకపోతే సర్వీసులను అక్కడక్కడా పలుచన చేసే బదులు ఒక పూర్తి బ్యాంక్‌ను ఎత్తేసి మిగతా బ్యాంకులను నిండుగా ఉంచడం మేలు. ఆరు బ్యాంకులు నాలుగైతే ప్రయాణికుడు హబ్‌లో ఎక్కువసేపు కూర్చోవాలి, నిజమే. కానీ అతని ఊరికి కనెక్షన్ ఉంటుంది. ఆరు బ్యాంకులూ పలుచబడితే చాలా ఊళ్ల జతలకు కనెక్షనే ఉండదు. వేచి ఉండటం కంటే అది పెద్ద నష్టం.

2008: వేరే కారణంతో తీసుకున్న సరైన నిర్ణయం

2008 జులైలో ముడిచమురు పీపా ధర 147 డాలర్ల దాకా వెళ్లింది. అమెరికా సంస్థలు కోతలు ప్రకటించింది దానికి కాస్త ముందు, మే, జూన్ నెలల్లో. అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆ ఏడాది ఆఖరి మూడు నెలలకు దేశీయ సామర్థ్యాన్ని 11 నుంచి 12 శాతం తగ్గిస్తానంది. యునైటెడ్ 94 బోయింగ్ 737లను, ఆరు 747లను పక్కన పెట్టాలని నిర్ణయించింది. కాంటినెంటల్ 67 విమానాలను, 3,000 ఉద్యోగాలను తగ్గించింది. వేసవి సెలవుల బుకింగ్‌లు అప్పటికే అమ్ముడుపోయాయి కాబట్టి ఈ కోతల్లో ఎక్కువ భాగం సెప్టెంబర్ తర్వాతే అమల్లోకి వచ్చింది.

సెప్టెంబర్ వచ్చేసరికి లోకం మారిపోయింది. డిసెంబర్‌కల్లా చమురు 40 డాలర్ల కిందికి పడింది. పైన వేసిన నమూనా లెక్క ప్రకారం చూస్తే, ఇంధనం ఖర్చు చూసి తీసేసిన ఎన్నో సర్వీసులు తిరిగి లాభానికి రావాలి. అలా జరగలేదు. ఆర్థిక సంక్షోభంతో గిరాకీ కూడా అదే నెలల్లో కూలింది. 2009లో అంతర్జాతీయ ప్రయాణ గిరాకీ 3.5 శాతం, సరుకు రవాణా 10.1 శాతం తగ్గాయి. ఇంధనం కోసం చేసిన కోత మాంద్యానికి సరిగ్గా సరిపోయింది. ఆ సంస్థలు బతికి బయటపడటానికి ఇది సాయపడిందనడంలో సందేహం లేదు.

అతి జరిగింది ఆ తర్వాత. మాంద్యం తీరాక సర్వీసులు తిరిగి రాలేదు. డెల్టా, నార్త్‌వెస్ట్ 2008లో, యునైటెడ్, కాంటినెంటల్ 2010లో, అమెరికన్, యూఎస్ ఎయిర్‌వేస్ 2013లో కలిసిపోయాయి. సామర్థ్యాన్ని బిగబట్టి ఉంచడమే విధానమైంది. 2007, 2012 మధ్య అమెరికా దేశీయ సర్వీసులు 14.3 శాతం తగ్గాయని ఎంఐటీ పరిశోధకులు లెక్కగట్టారు. 29 అతి పెద్ద విమానాశ్రయాల్లో తగ్గుదల 8.8 శాతమే. చిన్న విమానాశ్రయాల్లో 21.3 శాతం. మాంద్యం భారం అందరి మీదా పడింది కానీ, కోత భారం ఒకవైపే ఒరిగింది. మెంఫిస్ 2013లో, క్లీవ్‌ల్యాండ్ 2014లో హబ్ హోదా పోగొట్టుకున్నాయి.

దీనికి సాంకేతిక కారణం ఉంది. చిన్న ఊళ్లకు తిరిగేవి ఎక్కువగా 50 సీట్ల ప్రాంతీయ జెట్‌లు. పెద్ద విమానంతో పోలిస్తే వీటిలో సీటుకు ఖర్చయ్యే ఇంధనం చాలా ఎక్కువ. ఇంధనం పెరిగినప్పుడు మొదట కూలేది వాటి లెక్కే. వాటిని తీసేశాక ఆ ఊరికి సరిపడే వేరే విమానం సంస్థ దగ్గర ఉండదు. 150 సీట్ల విమానం రోజుకొకటి వేస్తే కనెక్షన్ టైములు కుదరవు, రెండు వేస్తే నిండవు. కాబట్టి చిన్న ఊళ్ల విషయంలో అడగాల్సింది ఈ సర్వీసు లాభమా నష్టమా అని మాత్రమే కాదు. ఆ విమానం రకాన్ని వదిలేస్తే తిరిగొచ్చే దారి ఉందా అని కూడా అడగాలి.

2020: విమానం ఆపడం కూడా పనే

ఆపేసిన విమానానికి ఖర్చు ఉండదన్న భ్రమ చాలామందికి ఉంది. నిలిపి ఉంచిన విమానానికి ఇంజిన్ నోళ్లకు, వేగం కొలవడానికి వాడే పిటో గొట్టాలకు మూతలు వేయాలి. ఇంజిన్ల దగ్గర తేమ పీల్చే సంచులు పెట్టి తేమ సూచించే కార్డులను తరచూ చూడాలి. టైర్లు ఒకేచోట ఒత్తుకుపోకుండా చక్రాలు తిప్పాలి. ఇంధనం ట్యాంకుల్లో సూక్ష్మజీవులు పెరగకుండా మందు కలపాలి. త్వరలో తిరిగి నడపాలనుకుంటే ఇంజిన్లను నిర్ణీత వ్యవధుల్లో స్టార్ట్ చేస్తూ ఉండాలి. ఈ పనులు రోజుల లెక్కన షెడ్యూలై ఉంటాయి. ఒకటి తప్పితే తిరిగి సర్వీసులోకి తెచ్చేటప్పుడు దానికి బదులు పెద్ద తనిఖీ పడుతుంది.

ఏం తప్పుతుందో ఒకే భాగంలో చూడొచ్చు. 2020 జులైలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ బోయింగ్ 737 క్లాసిక్, ఎన్‌జీ రకాలకు అత్యవసర ఆదేశం ఇచ్చింది. వరుసగా ఏడు రోజులు, ఆపైన నిలిచిపోయిన విమానాల్లో ఇంజిన్ ఐదో దశ బ్లీడ్ ఎయిర్ చెక్ వాల్వ్‌ను (ఇంజిన్ నుంచి తీసుకునే గాలి వెనక్కి పోకుండా ఆపే కవాటాన్ని) ఎగిరే ముందు పరీక్షించాలన్నది ఆ ఆదేశం. కదలకుండా ఉన్న వాల్వ్ తుప్పు పట్టి తెరుచుకున్న స్థితిలోనే బిగుసుకుపోతుంది. ఇంజిన్ శక్తి తగ్గించినప్పుడు మూసుకోవాల్సింది మూసుకోదు. ఇంజిన్ లోపలి గాలి ప్రవాహం చెడి (కంప్రెసర్ స్టాల్) ఇంజిన్ ఆగిపోతుంది. ఒక ఇంజిన్ అలా ఆగిన ఘటనలు అప్పటికే నాలుగు నమోదయ్యాయి. రెండు ఇంజిన్లూ ఒకేసారి పోయే ప్రమాదం ఉండటంతో అమెరికాలో దాదాపు 2,000 విమానాలకు ఆదేశం వర్తించింది. ఇంత ముప్పు రావడానికి వారం రోజులు కదలకుండా ఉంటే చాలు. యూరప్ భద్రతా సంస్థ కూడా అదే ఏడాది ఆగస్టులో, నిల్వ నుంచి వచ్చిన విమానాల తొలి ప్రయాణాల్లో వేగం తప్పుగా చూపిస్తున్న ఘటనలు పెరిగాయని హెచ్చరించింది. పిటో గొట్టాల్లో పురుగులు గూళ్లు పెట్టడం అందుకు ఒక కారణం.

ఇందుకే కోత ప్లాన్ వేసేటప్పుడు 20 విమానాలను పూర్తిగా ఆపి 40ని పూర్తిగా తిప్పాలా, లేక 60నీ వంతులవారీగా తిప్పుతూ ఉండాలా అన్నది మెయింటెనెన్స్ విభాగంతో కూర్చుని తేల్చుకోవాలి. వంతులవారీగా తిప్పితే ఏ విమానమూ ఎక్కువ రోజులు నిలిచిపోదు కాబట్టి నిల్వ పనులు తగ్గుతాయి, కానీ 60 విమానాల తనిఖీ గడువులూ ముందుకు నడుస్తూనే ఉంటాయి. మూడు నెలల్లోపు తిరిగొచ్చే నమ్మకం ఉంటే వంతులు మేలు, ఏడాది అనిపిస్తే కొన్నింటిని పొడి వాతావరణం ఉన్న చోటికి పంపి పూర్తిగా భద్రపరచడం మేలు.

ఫ్లీట్‌లో, అంటే సంస్థ దగ్గరున్న విమానాల్లో, ఒక రకాన్నే పూర్తిగా తీసేయడం వేరే స్థాయి నిర్ణయం. విడిభాగాల నిల్వ, మెకానిక్‌ల లైసెన్సులు, సిమ్యులేటర్లు అన్నీ కలిసి వస్తాయి కాబట్టి ఆదా పెద్దదే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2020 జులైలో 747లను వదిలేసింది. ఆ విమానాలు పాతవి, ఎలాగూ కొన్నేళ్లలో వెళ్లేవే, కాబట్టి అది సమంజసమే అనిపిస్తుంది. లుఫ్తాన్సా ఏ380లు మాత్రం మళ్లీ రావనుకున్న దశ నుంచి 2023లో తిరిగి సర్వీసులోకి వచ్చాయి. గిరాకీ పెరిగింది, కొత్తగా రావాల్సిన విమానాలు ఆలస్యమయ్యాయి. ఆ విమానాలను ముక్కలు చేయకుండా భద్రపరచి ఉంచారు కాబట్టే ఆ దారి మిగిలింది.

అసలు అతి: మనుషులు

ఒకే నడవ ఉండే విమానానికి సుమారు ఐదు జతల పైలట్లు కావాలి. పది విమానాలు తగ్గించి 50 జతలను పంపేశారనుకుందాం. తిరిగి కొత్తవాళ్లను తీసుకుని టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఇప్పించాలంటే జతకు నాలుగేసి గంటల సిమ్యులేటర్ సెషన్లు దాదాపు పది. మొత్తం 500 సెషన్లు. ఒక సిమ్యులేటర్ రోజుకు ఐదు సెషన్లు నడుస్తుందనుకుంటే వంద రోజులు, అదీ యంత్రం ఒక్క రోజూ చెడకుండా, అప్పటికే ఉన్న పైలట్ల ఆరు నెలల పరీక్షలను పక్కన పెడితే. దాని ముందు క్లాసులు, దాని తర్వాత శిక్షకుడైన కెప్టెన్ పక్కన కూర్చుని కొన్ని వారాల పాటు అసలు విమానం మీద శిక్షణ (లైన్ శిక్షణ).

వాళ్లను పంపకుండా తక్కువ గంటలతో ఉంచుకుంటే? ఆరు నెలల పరీక్షలు అటుంచితే, అర్హత నిలబడటానికి 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చాలు. ఒక్క సెషన్‌లో జతలో ఇద్దరికీ పూర్తవుతుంది. 50 జతలకు 50 సెషన్లు, అంటే మూడు నెలలకు పది రోజుల సిమ్యులేటర్ సమయం. దానికి తోడు పాక్షిక జీతం ఖర్చు ఉంటుంది. ఈ రెండు అంకెలు, పది రోజులు, వంద రోజులు, పక్కపక్కన పెట్టి చూసిన ప్రణాళికా విభాగాలు 2020లో ఎన్నో లేవు.

సీనియారిటీ నియమం ఉన్న సంస్థల్లో పని ఇంకా జటిలం. పెద్ద విమానం కెప్టెన్ ఒకరు ముందస్తు పదవీ విరమణ తీసుకుంటే ఆ స్థానంలోకి చిన్న విమానం కెప్టెన్ వస్తాడు, అతని స్థానంలోకి ఫస్ట్ ఆఫీసర్, అతని స్థానంలోకి కొత్త మనిషి. ఒక ఖాళీకి మూడు శిక్షణలు. ఒక ఫ్లీట్‌ను రద్దు చేసి ఆ పైలట్లను మిగతా రకాల మీదకి పంపితే ఈ గొలుసు వందలసార్లు తిరుగుతుంది. విమానాలు, పైలట్లు ఇద్దరూ ఉండి కూడా సిమ్యులేటర్ ముందు క్యూ కట్టిన పరిస్థితి 2021, 2022లో అలాంటిదే.

ప్రాంతీయ సంస్థలకు దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. పెద్ద సంస్థలు ఖాళీలు నింపుకోవడానికి అక్కడి పైలట్లనే తీసుకున్నాయి. 2022 మార్చిలో స్కైవెస్ట్, ప్రభుత్వ రాయితీతో నడిచే 29 చిన్న ఊళ్ల సర్వీసుల నుంచి తప్పుకుంటామని నోటీసు ఇచ్చింది. చెప్పిన కారణం పైలట్ల కొరత. అక్కడ గిరాకీ, విమానం, రాయితీ మూడూ ఉన్నాయి.

పైలట్ల సంగతి కనీసం అందరికీ కనిపిస్తుంది. 2022 హీత్రూ కేసులో ముడిపడింది విమానాలు నిలిచే రాంప్ మీద: సామాను ఎక్కించేవాళ్లు, విమానాన్ని వెనక్కి నెట్టే ట్రాక్టర్ నడిపేవాళ్లు. ప్రయాణికులు కొవిడ్ ముందు స్థాయిలో 80 నుంచి 85 శాతానికి తిరిగొస్తే ఎయిర్‌లైన్ల గ్రౌండ్ హ్యాండ్లింగ్ బృందాలు 70 శాతానికే సరిపడా ఉన్నాయని విమానాశ్రయం ప్రకటించింది. పరిమితి ప్రకటించిన నాడు సంస్థలు రోజుకు సగటున 1,04,000 సీట్లు నడపాలనుకుంటున్నాయి. లక్ష మందికి మించిన ఆ 4,000 సీట్లలో 1,500 అప్పటికే అమ్మేశారు.

ఈ ఉద్యోగాలకు శిక్షణ కొన్ని వారాలే. కానీ విమానాశ్రయం లోపలికి వెళ్లే పాస్ కోసం బ్రిటన్‌లో గత ఐదేళ్ల ఉద్యోగ చరిత్ర ధ్రువీకరించాలి. కొవిడ్ కాలంలో నాలుగైదు చోట్ల పనిచేసినవాళ్లకు ఆ ఉత్తరాలన్నీ తెప్పించేసరికి నెలలు పట్టింది, ఈలోగా చాలామంది వేరే పనిలో చేరిపోయారు. జీతం తక్కువ కాబట్టి ఎదురుచూడటానికి వాళ్లకు కారణం లేదు. హ్యాండ్లింగ్ పనిని బయటి కాంట్రాక్టర్లకు ఇచ్చిన ఎయిర్‌లైన్ల షెడ్యూల్ విభాగాలకు ఇలాంటి కొరత సీజన్ మొదలయ్యేదాకా తెలియకపోవచ్చు. కాంట్రాక్టర్ తనకు ఎంతమంది ఉన్నారో చెప్పే షరతు ఒప్పందంలో లేకపోతే అంతే.

మాంద్యంలో కోయకపోవడం కూడా ఒక దారే. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో చాలా పెద్ద సంస్థలు సర్వీసులు 20 శాతం తగ్గిస్తే సౌత్‌వెస్ట్ తగ్గించలేదు, ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయలేదు. అదే సంస్థ 2020 మాంద్యంలో కొత్త ఊళ్లు మొదలుపెట్టింది. కానీ వేలమంది ఉద్యోగులు స్వచ్ఛంద విరమణలకు, సెలవులకు వెళ్లారు. 2021 అక్టోబర్‌లో కొద్ది రోజుల్లోనే 2,000కు పైగా సర్వీసులు రద్దయ్యాయి. షెడ్యూలు పెంచే వేగం, మనుషులను పెంచే వేగం ఒకటి కావు.

స్లాట్ నియమాలు

రద్దీ విమానాశ్రయాల్లో దిగడానికి, లేవడానికి కేటాయించిన సమయాల్లో (స్లాట్లలో) 80 శాతం వాడితేనే వచ్చే ఏడాది అదే సీజన్‌కు అవి నిలుస్తాయి. మాంద్యంలో ఈ నియమం ఉల్టా ఒత్తిడి పెడుతుంది. యూరప్‌లో 2020లో దాన్ని పక్కన పెట్టి, 2021 వేసవికి 50 శాతం, 2022 వేసవికి 64 శాతం పరిమితి పెట్టారు. 50 శాతం పరిమితిలోనూ స్లాట్లు కాపాడుకోవడానికి 2021-22 శీతాకాలంలో 18,000 అనవసర సర్వీసులు నడపాల్సి వస్తోందని లుఫ్తాన్సా చెప్పింది. స్లాట్ ఉన్న విమానాశ్రయాల్లో కోత తక్కువ, లేని చిన్న ఊళ్లలో కోత ఎక్కువ కావడానికి ఇదొక కారణం. నియమం సడలించాలనుకుంటే సీజన్ మొదలయ్యే ముందే ప్రకటించాలి. ఆలస్యంగా సడలిస్తే ఖాళీ విమానాలు అప్పటికే ఎగిరిపోయి ఉంటాయి.

కోత జాబితా మీద ఏం రాయాలి

కోసే ప్రతి సర్వీసు పక్కన ఇప్పుడు చాలా సంస్థలు రెండే రాస్తాయి: పోయే ఆదాయం, మిగిలే ఖర్చు. మరో మూడు ఉండాలి. ఇంధనం ఎంత ధర దగ్గర ఈ నిర్ణయం తిరగబడుతుంది? పై నమూనాలో మొత్తం చరఖర్చు 8,400కి దిగితే చాలు, అంటే ఇంధనం ఖర్చు 4,000 నుంచి 3,400కి, కేవలం 15 శాతం తగ్గితే చాలు. అంత సన్నని అంచు మీదున్న కోతను శాశ్వతంగా చేయకూడదు. రెండోది, ఈ సర్వీసు పోయాక ఎన్ని కనెక్షన్ జతలు పోతాయి, ఆ ఊరికి ఇక మిగిలేది ఏమిటి. మూడోది, తిరిగి నడపాలంటే ఎన్ని రోజులు.

ఈ మూడోదాన్ని తేదీగా మార్చి రాయాలి. వేసవి షెడ్యూలు మార్చి ఆఖరి ఆదివారం మొదలవుతుంది. వంద రోజుల సిమ్యులేటర్ పని, క్లాసులు, లైన్ శిక్షణ కలిపితే అంతకుముందు సెప్టెంబర్‌లోనే నియామకాలు మొదలవ్వాలి. ఆ సెప్టెంబర్‌లో బుకింగ్‌లు అట్టడుగున ఉంటాయి, మనుషులను తీసుకుందామని ఏ ఆర్థిక విభాగమూ ఒప్పుకోదు. అందుకే ఆ నిర్ణయం సెప్టెంబర్‌కు వదిలేయకూడదు. కోత సంతకం చేసే రోజే, ఎన్ని జతలను అర్హతతో ఉంచాలి, ఎన్ని సిమ్యులేటర్ గంటలు ముందే కొనిపెట్టాలి, హ్యాండ్లింగ్ కాంట్రాక్టర్ కనీసం ఎంతమంది పాస్‌లను చెల్లుబాటులో ఉంచాలి, ఇవి అదే కాగితం మీద, అదే బడ్జెట్‌లో ఉండాలి.